చిన్నమ్మ గోడ మీది పిల్లలు

నా చిన్నప్పుడు చొప్పదండిలో మా ఇంటి గోడ మీద ఒక బొమ్మ వేశారు. అమ్మ, నాన్న, కొడుకు, బిడ్డ. కుటుంబ నియంత్రణ ప్రచారానికి సర్కారు పంపిన పెయింటరు రోడ్డు వైపు గోడలు వెతుక్కుంటూ వస్తే, మా బాపమ్మే పిలిచి, చాయ్ ఇచ్చి, చిన్నాయన గది గోడ చూపించింది. పిల్లల్ని బొద్దుగా వేయమని దగ్గరుండి మరీ చెప్పింది. పెళ్లై ఏళ్లు గడిచినా చిన్నమ్మకు పిల్లలు లేరు. ఆమెను పుట్టింటికి తరిమి కొడుక్కి ఇంకో పెళ్లి చేయాలని బాపమ్మ పంతం. తిట్టి తిట్టి నోరు నొచ్చిందేమో, ఆ పని గోడకు అప్పగించింది.

రోజూ పొద్దున్నే చిన్నమ్మ ఆ బొమ్మ ముందే పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు వేయాలి. నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆగి మరీ, నీ పిల్లలు బాగున్నారా అని అడిగి నవ్వేవారు. చిన్నమ్మ తలెత్తేది కాదు.

దసరాకు గోడలకు సున్నం వేయడం మా ఇళ్లలో కోడళ్ల పని. ఆ వంకతో బొమ్మను కప్పేయొచ్చని పాపం ఆమె ఆశపడింది. ఎన్నడూ లేనిది సున్నం చిక్కగా కలిపింది. కుంచె బొమ్మ దాకా వచ్చేసరికి గడపలో కూర్చున్న బాపమ్మ నోరు విప్పింది.

"గా బొమ్మ సర్కారుది. చెరిపితే జేల్ల ఏస్తరు. సుట్టూ ఏయ్."

చిన్నమ్మ చుట్టూ వేసింది. తెల్లటి సున్నం మధ్య ఆ పిల్లలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడ్డారు. సున్నం బకెట్ పట్టుకుని నిలబడ్డ నేను, వాళ్లు ఎవరి పిల్లలని అడిగాను.

"మీ బాపమ్మనే కన్నది, బిడ్డా, నన్ను ఎల్లగొట్టేటందుకు" అంది, చేయి ఆపకుండా.

పండుగ వెళ్లాక నిజంగానే వెళ్లగొట్టారు. మరుసటి దసరాకు కొత్త చిన్నమ్మ వచ్చి, అదే బొమ్మ చుట్టూ సున్నం వేసింది. ఆమెకూ పిల్లలు కాలేదు. ఆడవాళ్లు ఆమెనూ అదే అడిగారు. ఆ బొమ్మలో మీసాల తండ్రి కూడా ఉన్నాడు. అతన్ని చూపించి చిన్నాయనను ఒక్కరూ ఏమీ అనలేదు. బాపమ్మ పోయి ఎన్నేళ్లయినా ఆమె మీద నా కోపం పోలేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఎటు చూసినా సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులే. తల్లి చేతిలో బిడ్డ నవ్వుతుంటుంది. చాలావాటిలో తండ్రి అసలు ఉండడు. మా దగ్గర బస్సులో పక్కన కూర్చున్న ఆడమనిషిని ఊరి పేరు తర్వాత అడిగేది పిల్లలెందరనే. నా జుట్టంతా నెరిసింది గానీ, ఆ మాట ఇంతవరకు నేను ఎవరినీ అడగలేదు.