మర్యాదకి పోయిన మరచెంబు

మొన్న ఆదివారం నేను చేసిన పని వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారు. మా అత్తయ్య ప్రాణంగా చూసుకునే ఇత్తడి మరచెంబుని, ఆవిడ కళ్ళ ముందే, ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చి పంపించేశాను.

నేను బొబ్బిలిలో డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను కదా. నా పీహెచ్‌డీ టాపిక్ ఏమిటంటే, ఇరాన్ వదిలి పరాయి దేశాలకి వెళ్ళినవాళ్ళు రాసుకున్న సరదా జ్ఞాపకాలు. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఇరుక్కుని వాళ్ళు పడే పాట్లు, వాటి మీద వాళ్ళే వేసుకునే జోకులు. వాటిలో మాటిమాటికీ వచ్చేది తారోఫ్ అనే వాళ్ళ మర్యాద. మీ ఇంట్లో వస్తువుని ఎవరైనా మెచ్చుకున్నారనుకోండి, మీరు వెంటనే "పీష్‌కష్" అనాలి. అంటే ఇది ఇక మీదే అని. వాళ్ళు వద్దనాలి. మీరు మళ్ళీ ఇవ్వబోవాలి, వాళ్ళు మళ్ళీ వద్దనాలి. మూడుసార్లయ్యాక వస్తువు ఉన్నచోటే ఉంటుంది, ఇద్దరి పరువూ దక్కుతుంది. దీని మీద నేను ఏకంగా ఒక చాప్టర్ రాశాను. మా గైడ్ పక్కన "గుడ్" అని కూడా రాశారు. ఆ గుడ్డే నా కొంప ముంచింది.

నస్రీన్ అని ఒక ఇరాన్ ఆవిడ, చదువుకోడానికి విశాఖపట్నం వచ్చి, ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉండిపోయింది. ఇక్కడి తన బతుకు గురించి తనూ ఒక పుస్తకం రాసుకుంటోంది. సెమినార్‌లో పరిచయమైతే, థీసిస్‌కి ఇంటర్వ్యూ తీసుకుందామని భోజనానికి పిలిచాను. పొద్దున్నుంచీ అద్దం ముందు "సలామ్, ఖోష్ ఆమదీద్" అని పర్షియన్‌లో స్వాగతం చెప్పడం ప్రాక్టీస్ చేశాను. ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఏటండీ, ఎండ పేల్చేస్తన్నాది" అంది. నా పర్షియన్ గొంతులోనే ఉండిపోయింది. మా అత్తయ్య మాత్రం ఒక్క మాటకే పడిపోయింది.

భోజనాలయ్యాక అత్తయ్య మరచెంబులోంచి మజ్జిగ పోసింది. ఈ చెంబు గురించి చెప్పాలి. మాకు బజార్లో కిరాణా కొట్టుంది. లోపల కళాయి వేయించిన ఆ చెంబులో రోజూ మజ్జిగ పోసుకుని, మూత బిగించుకుని, అత్తయ్య కొట్టుకి వెళ్ళి కూర్చుంటుంది. వాళ్ళమ్మ ఇచ్చినవాటిలో మిగిలింది అదొక్కటే. నేను ఈ ఇంటికొచ్చి పద్నాలుగేళ్ళయినా నన్ను తోమనివ్వదు.

నస్రీన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఎంత బాగుందండీ, మా అమ్మమ్మ ఇంట్లో ఇలాంటి ఇత్తడే ఉండేది" అంది.

ఇంకేం, నాలో ఉన్న స్కాలర్ నిద్ర లేచింది. "పీష్‌కష్" అన్నాను. ఆవిడ తెల్లబోయి, "అయ్యో, వద్దండీ" అంది. అబ్బ, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. "లేదు, మీరు తీసుకోవాల్సిందే" అన్నాను. "పెద్దావిడ వస్తువు కదండీ" అంది. ఇక మూడోసారి ఒక్కటీ అయిపోతే చాలు. చెంబుని ఆవిడ ఒళ్ళో పెట్టి మరీ, "మా మాట తీసేయకండి" అన్నాను.

"అంతగా అంటన్నారు కాబట్టి" అని, కళ్ళు తుడుచుకుని, బ్యాగులో పెట్టేసుకుంది.

నా చాప్టర్‌లో ఇది లేదు. అత్తయ్య వైపు చూసే ధైర్యం కూడా లేదు. ఇంటర్వ్యూలో ఏం అడిగానో, ఆవిడేం చెప్పిందో ఒక్క ముక్క గుర్తు లేదు. రికార్డర్ ఆన్ చేయలేదని సాయంత్రం తెలిసింది.

ఆవిడ ఆటో ఎక్కగానే అత్తయ్య నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏటే అది? మాయమ్మ సెంబు ఇచ్చీసినావేటే?"

"వాళ్ళలో ఊరికే అలా అంటారు అత్తయ్యా. తీసుకోరు."

"మరి తీసుకున్నాది కదే."

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, బండి తీసుకుని రైల్వే స్టేషన్‌కి పరిగెత్తాను.

నస్రీన్ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఉంది. చెంబు ఒళ్ళో ఉంది. సిగ్గుతో చచ్చిపోతూ సంగతంతా చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"మా ఊళ్ళో అయితే పదిసార్లు వద్దనేదాన్నండీ. ఇక్కడికొచ్చిన కొత్తలో, చేపలమ్మే ఆవిడ గుప్పెడు రొయ్యలు ఊరకనే ఇస్తంటే వద్దన్నాను. 'వద్దంతావేటమ్మా, మేం పరాయోల్లమా' అని ఏడ్చినంత పని చేసింది. అప్పట్నుంచి ఎవరు ఏది పెట్టినా తీసుకోవడం నేర్చుకున్నాను. ఎంత కష్టపడి నేర్చుకున్నానో తెలుసా?"

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆవిడ మనలో మనిషయ్యి తీసుకుంటే, నేను వెనకాల వచ్చి పరాయిదాన్ని చేసేశాను. ఇంతలో ఆవిడ చెంబు తీసి నా ముందుకి చాపింది. నేనేం చేశానో తెలుసా? "అయ్యో, పర్వాలేదు, మీరే ఉంచుకోండి" అన్నాను. ఒట్టు, నోరు జారి దానంతటదే వచ్చేసింది.

"ఇది ఎవరి మర్యాదండీ, మాదా, మీదా?" అని, చెంబు నా చేతిలో కుక్కి, "పుస్తకంలో రాసుకుంటాను, ఏటీ అనుకోకండి" అంటూ రైలెక్కేసింది. మెటీరియల్ కోసం నేను పిలిస్తే, చివరికి నేనే మెటీరియల్ అయిపోయాను.

యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చి చెంబు అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అడిగీసినావా? ఇచ్చిన వస్తువు ఎనక్కి అడిగీసినావా? సిగ్గు నేదేటే? ఆ పిల్ల మన గురించి ఏటనుకుంటాది?"

మూడు రోజులు నాతో మాటల్లేవు. కొట్టుకి మజ్జిగ స్టీలు క్యాన్‌లోనే పట్టుకెళ్ళింది. నిన్న మధ్యాహ్నం చెంబు చింతపండేసి తళతళా తోమి, పాత తువ్వాల్లో చుట్టి, నా ముందు పెట్టింది.

"శనివారం నువ్వే ఎల్లి, ఆ పిల్లకి ఇచ్చీసి రా. మన మర్యాద మనం నిలబెట్టుకోవాల." నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది. "వద్దంటే మాత్రం మరీ బలవంతం సెయ్యకు. తెచ్చీ."

"మరి తీసుకుంటే?"

"నువ్వు కూడా ఆ పిల్ల దగ్గిరే ఉండిపో."

శనివారం పొద్దున్న రైలుకి వెళ్తున్నాను. ఎందుకైనా మంచిదని రెండు జతల బట్టలు కూడా సర్దుకున్నాను.