ఒక్క బిడ్డకు రెండు మిఠాయిలు

సత్యనారాయణపేటలో నన్ను పోలీసులకు పట్టివ్వబోయిన రోజు గురించి చెప్తాను, కుర్చీలో గట్టిగా కూర్చోండి. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్ళు. బుద్ధి పూర్తిగా రాని వయసు.

బడిలో నేను చదివింది ఏడో తరగతి దాకానే. మిగతా చదువంతా పాతపేపర్ల అంగట్లో తూకానికి కొన్న పుస్తకాలది. రాజనీతి గ్రంథాలు తిరగేసి ఒక సంగతి కనిపెట్టాను. ఆ పెద్దమనుషులంతా రాజు గురించీ సైన్యం గురించీ పుటలకు పుటలు రాసి, వంటింటి గడప దగ్గరికి రాగానే కలం మూసేశారు! నాకు ఒళ్ళు మండింది. మొదటి ప్రభుత్వం ఇల్లు కాదా? మగపిల్లోడు ఏడవకూడదు, ఆడపిల్ల గట్టిగా నవ్వకూడదు అనే చట్టాన్ని ఏ అసెంబ్లీ పాసు చేసింది? తొట్టె దగ్గరే కదా చేశారు!

సరిగ్గా అప్పుడే మా కూతురు సునంద పురిటికొచ్చింది. బిడ్డ పుట్టగానే ఆజ్ఞ జారీ చేశాను. "మగా, ఆడా అని ఎవరికీ చెప్పొద్దు. లోకం మొదట మనిషిగా చూడనీ."

కూతురూ అల్లుడూ నవ్వి ఒప్పుకున్నారు. నా భార్య సుశీలమ్మ మాత్రం, "గుడ్డ మార్చేటప్పుడు లోకం కండ్లు మూసుకుంటుందా?" అంది. దానికి జవాబు కోసం గ్రంథాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తిరగేశాను.

దేశనూరులో వరికోతల్లో ఉన్న వియ్యంకుడు ఫోను చేశాడు. "బావా, మనమడా, మనమరాలా?"

"ఓటరు పుట్టినారు బావా!"

"ఏందప్పా, ఎలక్షన్‌కు నిలబడతాండావా?"

ఇక మిఠాయి సంగతి. మా వైపు బిడ్డ పుడితే నోటితో చెప్పే పనిలేదు. పేడాలు వస్తే మగబిడ్డ, జిలేబి వస్తే ఆడబిడ్డ. ఇందులో కుట్ర గమనించారా? పేడా వారం నిలవుంటుంది, జిలేబి సాయంత్రానికే మెత్తబడుతుంది. వార్తలు కూడా అంతేసేపు నిలవాలని కాబోలు! ఈ చట్టాన్ని కొట్టేద్దామని మిఠాయి అంగడికి వెళ్ళాను.

"పేడానా, జిలేబినా సార్?"

"రెండూ. ఒకే పెట్టెలో."

అతను గల్లా పెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి, "ముబారక్ సార్! డబల్ ముబారక్!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నా సిద్ధాంతం ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాణ్ణి జీవితంలో చూడలేదని పొంగిపోయాను. వీధంతా పంచాను. దేశనూరుకూ పంపాను.

పురుడు రోజున మా ఇంటి ముందు టెంపో ఆగింది. అందులోంచి వియ్యంకుడు దిగాడు, వాళ్ళమ్మ నాగమ్మవ్వ దిగింది. వెనకాల రెండు తొట్టెలు దిగాయి.

వియ్యంకుడు లోపలికి తొంగిచూసి బయటికొచ్చాడు. "ఒగరే ఉండారే! ఇంగొగరు యాడ బావా?"

"ఇంగొకరెవరు?"

"పేడా పంచితివి, జిలేబి పంచితివి. కవలలు కదప్పా!"

నా తలలో పుస్తకాలన్నీ ఒకేసారి అటక మీద నుంచి పడ్డాయి. రెండు తొట్టెల్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. ఆ చూపును నాగమ్మవ్వ మరోలా అర్థం చేసుకుని అరుగు మీద కూలబడింది. "అయ్యో, ఆడబిడ్డను యాడ ఇడిసిపెట్టి వచ్చినావప్పా?"

వీధి వీధంతా మూగింది. సగం కన్నడం కలిపి మాట్లాడే ఎదురింటి లారీల చెన్నప్ప ముందుకొచ్చాడు. "ఏన్ సార్! మైకు దొరికితే సమానత్వం అంటా గొంతు చించుకుంటారు, ఇంట్లో ఆడబిడ్డను మాయం చేస్తారా? పోలీసోళ్ళకు ఫోను చేస్తాండా!"

ముప్ఫై ఏళ్ళుగా ఆడపిల్లల కోసం ఊరంతటితో కలహం పెట్టుకున్న నన్ను! ఆ నిందతో చావాల్సిందేనా?

సుశీలమ్మ గడపలో నిలబడి, "నీ సిద్ధాంతం సల్లగుండ, నోరు తెరువప్పా!" అంది.

అరుగెక్కి గాంధీ చౌక్ దాకా వినపడేలా అరిచాను. "ఒక్కతే! ఆడపిల్ల! ఒక్కతే ఒక్క ఆడపిల్ల!" ఎవరికీ చెప్పకూడదన్న ఆజ్ఞను జారీ చేసిన ప్రభుత్వమే అంత గొంతుతో రద్దు చేసుకోవడం చరిత్రలో ఉండదు.

చెన్నప్ప ఫోను జేబులో పెట్టుకున్నాడు. అవ్వ కళ్ళు తుడుచుకుంది. "మరి ఆడబిడ్డకు పేడాలెందుకప్పా?"

దాచుకున్న ఉపన్యాసంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "దానికీ రావాల కదవ్వా," అన్నాను.

అవ్వ మిఠాయి పెట్టెను దగ్గరికి లాక్కుంది. "నేను పుట్నప్పుడు మా నాయిన బెల్లంముక్క గూడా పంచల్యా" అని, పెట్టెలోంచి ఒక పేడా తీసి నోట్లో వేసుకుంది. "ఇది నాదనుకుంటాలే."

ఆ రోజు ఒక తొట్టె మా ఇంట్లో కట్టారు, రెండోది దేశనూరుకు తిరిగెళ్ళి అక్కడ మనమరాలి కోసం కాచుకుంది. కొన్నాళ్ళకు చెన్నప్ప ఒక పెట్టె పట్టుకొచ్చాడు. మూత తీస్తే సగం పేడాలు, సగం జిలేబి.

"ఏం చెన్నప్పా, కవలలా?"

"తమాషా చేస్తారా సార్! మనమరాలు. మన వీధి పద్ధతి గొత్తిల్వా, తెలీదా?"

పద్ధతి అట! ఏ గ్రంథకర్తా దాటలేని వంటింటి గడప నేను దాటానని మీసం దువ్వుకున్నాను. అయినా పాఠం పాఠమే. కుడిచేయి పేడా మీద, ఎడమచేయి జిలేబి మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ విప్లవాన్నయినా పెట్టెలో పెట్టి పంచేముందు, లోపల బిడ్డలెందరో మూత మీద రాయిస్తాను.