గుండీలమ్మ చేసిన తొడుగులు

కొత్త మనిషి కనబడితే ఎవరైనా ముందు మొహం చూస్తారు. గుండీలమ్మ గుండీలు చూస్తుంది. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం వెళ్ళిపోయాక, ఆయనకు మీసం ఉందో లేదో చెప్పలేకపోయింది గానీ, చొక్కా మూడో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉందని మాత్రం ఠక్కున చెప్పింది. కోట్ల దుకాణం వెనక గదిలో ఏళ్ళ తరబడి గుండీలు కుట్టిన మనిషి మరి. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు.

ఆమె ఆడపడుచుకు ఇదంతా వేళాకోళం. ఈవిడ నాటక సమాజంలో తెర లాగుతుంది. రాజులనూ మంత్రులనూ పక్కనుంచి చూసి చూసి, దేనికీ ఆశ్చర్యపోవడం మానేసింది. "మా వదిన లోకమంతా గుండీ చిల్లుల్లోనే ఉంది," అని అందరికీ చెప్పి నవ్వేది.

ఆ సమాజంలోనే ఆవిడ అన్నయ్య, అంటే గుండీలమ్మ భర్త, నటుడు. నటుడంటే తలుపు తీసి పక్కన నిలబడే నటుడు, పళ్ళెం తెచ్చిపెట్టి వెళ్ళిపోయే నటుడు. జుట్టు నెరిశాక ఎట్టకేలకు ఒక నాటకంలో రెండు వేషాలు దొరికాయి. ఒకటి బంగళా గేటు కాపలావాడు. రెండోది ఆ బంగళా యజమాని, మాటలన్నీ ఉన్న పెద్ద వేషం. తీరా దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించనట్టు, రిహార్సళ్ళు మొదలవగానే అతని ఎడమ భుజం పట్టేసింది. కోటు తొడుక్కోవాలంటే ఇద్దరు సాయం పట్టాలి, పళ్ళు బిగించాలి.

దర్శకుడు మంచివాడే. మెల్లగానే చెప్పాడు.

"బాబాయ్, మధ్యలో కోటు మార్చుకోవడానికి ఉన్నది ఒక్క పాట. మీ చెయ్యేమో లేవట్లేదు. కాపలావాడు మీరే వెయ్యండి. యజమానికి ఇంకొకర్ని చూస్తాను."

ఆ సాయంత్రం అన్నయ్య వేషం కోటు చంకన పెట్టుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "నాకు తలుపు దగ్గరే రాసిపెట్టి ఉందే," అన్నాడు భార్యతో.

గుండీలమ్మ కోటును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "కోటు మార్చడం దేనికండీ? గుండీలు మారిస్తే సరిపోదూ?"

ఆడపడుచు పగలబడి నవ్వింది. "గుండీలు మారితే కాపలావాడు యజమాని అయిపోతాడా వదినా? అలా అయితే మన వీధిలో అందరం ఈపాటికి బంగళాల్లో ఉండేవాళ్ళం!"

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు మరదలా? చూద్దాం ఉండు," అంది వదిన.

ఇక ఆ వంటింట్లో వంట తక్కువ, గుండీలు ఎక్కువ. ముందు అట్టముక్కతో చేసింది. తరవాత డబ్బా మూత కత్తిరించింది. ఆఖరికి పల్చటి ఇత్తడి రేకు పట్టుకొచ్చింది. కోటుకు తను కుట్టిన అసలు గుండీ అలాగే ఉంటుంది, నల్లగా, సాదాగా. దాని మీదికి చిన్న మూతలాంటి తొడుగు ఎక్కుతుంది. తొడుగు వెనక ఒక చీలిక. ఆ చీలికలోకి గుండీ కింది దారం దూరాలి. మొదట కిందినుంచి పైకి తోసేలా చేస్తే, మొగుడు దగ్గినప్పుడల్లా ఒక్కొక్కటీ రాలి గదంతా దొర్లాయి. చీలికను తలకిందులు చేసి, పైనుంచి కిందికి జారేలా మార్చింది. అప్పుడు దాని బరువే దాన్ని పట్టి ఉంచింది. బొటనవేలితో కిందికి నొక్కితే ఎక్కుతుంది, పైకి తోస్తే ఊడుతుంది. ఒంటిచేత్తో అయిపోయే పని.

పైన పువ్వు చెక్కేటప్పుడు ఆడపడుచు కూడా దగ్గరికొచ్చి చూసింది. వదిన మొద్దు మేకుతో రేకును వెనకనుంచి నొక్కి, సన్నటి పూరేకులతో ఎంతో ముచ్చటైన పువ్వు తీసింది. కోటును వసారా ఆ చివర తగిలించి, ఈ చివరికొచ్చి చూసింది. "ఆఖరి వరసకు ఇది పువ్వు కాదు, మరక," అని పక్కన పడేసింది. మళ్ళీ చేసింది, ఈసారి నాలుగే రేకులు, లోతుగా. దీపం వెలుగు పడగానే నాలుగు వెలుగులు, నాలుగు నీడలు. గుండీ అంతదానిలో ఇంత ఆలోచన పడుతుందా అని ఆడపడుచు మొదటిసారి ఆశ్చర్యపోయింది. బయటికి మాత్రం, "బాగానే ఉందిలే," అంది.

దర్శకుడు చూసి, "యజమాని కూడా మీరే బాబాయ్," అన్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు. ప్రదర్శన రోజున, తెర లేవడానికి కాస్త ముందు, గుండీలమ్మ తెర వెనక్కి వచ్చింది. అన్నయ్య కాపలావాడి వేషంలో, కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె కళ్ళు అలవాటుగా గుండీల మీదికి పోయాయి. మొహం పాలిపోయింది.

"ఇవి నేను కుట్టినవి కావు. ఎవరు కుట్టారు?"

సమాజం దర్జీ సంతోషంగా ముందుకొచ్చాడు. "నేనేనమ్మా. ఆరుకు ఆరూ వదులుగా ఊగుతున్నాయి. ఉక్కులా బిగించేశాను, ఇక జన్మలో ఊడవు."

పాపం, అతని తప్పేం ఉంది? దర్జీకి ఊగే గుండీ అంటే నామోషీ. గుండీలమ్మకేమో గుండీ అంటే దానికీ బట్టకీ మధ్య మెడలా కాస్త దారం ఉండాల్సిందే. ఆ మెడ మీదే తొడుగు కూర్చునేది. పుట్టి బుద్ధెరిగాక గుండీ ఇంకోలా కుట్టి ఎరగదు కాబట్టి, అది ఇంకొకరికి చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచనే లేదు. ఇప్పుడు గుండీలు బట్టకు అతుక్కుపోయి ఉన్నాయి. చీలిక దూరే సందు లేదు.

కోటు విప్పి, మళ్ళీ తొడిగే వ్యవధి లేదు. "కదలకండి," అంది భర్తతో. మనిషి ఒంటి మీదే గుండీ కోసి, కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల లాగేసి, మిగిలిన సందు చుట్టూ దారం బిగించి చుట్టింది. ఒకటి. ఇంకొకటి. ఆ వేళ్ళ వేగం చూస్తూ ఆడపడుచు తాడు పట్టుకోవడమే మరిచిపోయింది. నాలుగోది ముడి వేస్తుండగా గంట మోగింది.

తెర లేచింది. కాపలావాడు నడుం వంచుకుని గేటు తీశాడు, తిట్లు తిన్నాడు, సలాం కొట్టి ఇవతలికి వచ్చాడు. పాట మొదలైంది. అన్నయ్య కుడిచేత్తో ఒక్కో తొడుగూ ఎక్కించాడు. నాలుగూ పట్టుకున్నాయి. కింద రెండూ బోడిగా ఉండిపోయాయి, వాటిని కుట్టేంత వ్యవధి ఆ పాటలో లేదు.

"అయిపోయిందే," అన్నాడు. "సగం యజమానిని ఎవరు నమ్ముతారు?"

గుండీలమ్మ ఒక్క క్షణం చూసింది. "ఆ రెండూ విప్పెయ్యండి. కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టండి. కోటు అంచు వెనక్కి పోతుంది, గుండీలు కనబడవు. పొట్ట ముందుకి పెట్టండి. కడుపునిండా భోంచేసి వచ్చిన మనిషి మీరు."

అతను చెయ్యి జేబులో పెట్టాడు. కోటు అంచు వెనక్కి పోయింది. పొట్ట ముందుకు రావడంతో వెన్ను దానంతటదే నిటారయింది, గడ్డం పైకి లేచింది. వెలుగు వైపు తిరిగేసరికి ఛాతీ మీద నాలుగు పువ్వులూ ఒక్కసారి మెరిశాయి. ఎవరినీ లెక్కచెయ్యని నడకతో వేదిక మీదికి వెళ్ళాడు. చీకట్లో కూర్చున్న జనం గుసగుసలు ఆగిపోయాయి.

వేదిక మీదికి వెళ్ళే ఇరుకు దారిలో గుండీలమ్మ, చేతిలో దారం ఎక్కించిన సూదితో, గోడకు అతుక్కుని నిలబడి ఉంది.

"అలా పక్కకు జరిగావేంటి వదినా?" అని ఆడపడుచు గుసగుసగా అడిగింది.

"యజమాని వస్తుంటే దారికి అడ్డం నిలబడతానా?" అంది గుండీలమ్మ. అన్నాక తనే ఉలిక్కిపడి వేదిక వైపు చూసింది.

ఆడపడుచు నవ్వబోయింది. అప్పుడు చూసుకుంది, తన వీపు కూడా గోడకే ఆనుకుని ఉంది.