అరగంట తేడా

పాత కంప్యూటర్‌ను శుక్రవారం సాయంత్రం ఆపేస్తున్నామని మా విభాగంలో చెప్పేశారు. అందులో ఫోర్ట్రాన్ భాషలో ఉన్న ప్రోగ్రాములన్నీ ఈలోగా బేసిక్‌లోకి మారాలి. కొత్త యంత్రానికి ఆ భాష ఒక్కటే వచ్చు. మార్చడమంటే ఒక పక్క పాత ప్రింటు కాగితాలు, ఇంకో పక్క నోటుబుక్కు పెట్టుకుని, ఒక్కో వరుసా పెన్సిలుతో తిరగరాయడమే. ఎనభైల మొదట్లో, భిలాయి ఉక్కు కర్మాగారంలో, నా మొదటి ఉద్యోగం అది. విభాగంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

నా వంతుకు వచ్చినవాటిలో రైలు పట్టాల లెక్క ఒకటి. మిల్లులోంచి వేడివేడిగా వచ్చిన పట్టాలను మూతలున్న గుంతల్లో పెట్టి నెమ్మదిగా చల్లారుస్తారు. ఏ రకాన్ని ఎన్ని గంటలకు బయటికి తీయాలో ఆ ప్రోగ్రాము చెబుతుంది. తొమ్మిది నమూనా లెక్కలు రెండు యంత్రాల మీదా నడిపితే జవాబులు అచ్చంగా కలిశాయి. బుధవారం మా ఆఫీసరుతో అంతా సరిపోయిందని చెప్పేశాను. ఎవరినీ మెచ్చుకోని మనిషి, నన్ను మెచ్చుకున్నారు.

గురువారం, ఎందుకైనా మంచిదని పదో నమూనా నడిపాను. పాతది చెప్పినదానికన్నా అరగంట ముందే మూత తీయమంది నాది.

అంకెలు తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అదే అరగంట. అన్ని గంటల్లో ఒక అరగంట ఏపాటిదిలే అనుకున్నాను. కలిసిన తొమ్మిదీ చూపించి సంతకం పెడితే అడిగేవాళ్లు లేరు.

సెక్టర్ 6లో మా క్వార్టరుకు వచ్చాక కూడా మనసు కుదుట పడలేదు. నాన్న ఆ పట్టాల మిల్లులోనే పనిచేసేవారు. డ్యూటీ నుంచి రాగానే, పట్టాలు అరగంట ముందు తీస్తే ఏమవుతుందని అడిగాను.

ఆయన టిఫిను డబ్బా కింద పెట్టారు. "ఏటీ అవ్వకపోవచ్చు. పైకి నున్నగానే ఉంటాది. లోపల వెంట్రుకంత బీట ఉండిపోతే మనకి తెల్దమ్మా. దాని మీద బండి ఎల్లినప్పుడు తెలుస్తాది." తర్వాత నా ముఖంలోకి చూశారు. "ఎవులు తీయమన్నారేటి?"

"నేనే నాన్నా. నా ప్రోగ్రాము."

"అయితే రేపెళ్లి సెప్పీ" అన్నారు, అంతే.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసరు గదిలోకి వెళ్లి, మొన్న నేను చెప్పింది తప్పని చెప్పాను. ఆయన గడియారం వంక చూసి, ఐదింటి వరకే సమయముందని హిందీలో అన్నారు.

ప్రతి వరుస దగ్గరా పాత యంత్రం చేత అంకె ప్రింటు చేయించి, నా అంకెతో పోల్చుకుంటూ పోయాను. మధ్యాహ్నం రెండు దాటాక దొరికింది. ఫోర్ట్రాన్‌లో ఒక అంకెను దాచడానికి పెట్టిన పేరు ఇంగ్లిషు ఐ నుంచి ఎన్ వరకు ఏదో ఒక అక్షరంతో మొదలైతే దానిలో పూర్ణాంకమే నిలుస్తుంది, భిన్నం రాలిపోతుంది. కొన్ని రకాల పట్టాలకు మొత్తం గంటల్లోంచి కొంత తగ్గించాలి. అక్కడ రెండున్నర వస్తే పాత యంత్రం రెండే తగ్గించేది. బేసిక్‌లో ఆ నియమం లేదు కనక నాది రెండున్నరా తగ్గించింది. తొమ్మిది నమూనాల్లో అక్కడ భిన్నమే రాలేదు. నియమం నాకు తెలియక కాదు, ఆ వరుస దగ్గర గుర్తు రాలేదు.

సరిచేసి నడిపితే పదీ కలిశాయి. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆఫీసరు అడిగారు: "ఇంతకుముందు నువ్వు మార్చినవి?"

అవి ఐదు. అన్నిటి కిందా నా సంతకం ఉంది. ఆయన ఫోను తీసి, తన విభాగానికి ఇంకో రెండు రోజులు కావాలని పైవాళ్లను అడిగారు. అవతలివాళ్లు గట్టిగానే మాట్లాడినట్టున్నారు. ఆయన నా పేరు మాత్రం ఎత్తలేదు.

శని, ఆదివారాలు ఇద్దరం కూర్చుని ఐదింటినీ మళ్లీ పరీక్షించాం. రెండింటిలో అదే తప్పు బయటపడితే సరిచేశాం. సోమవారం పాత యంత్రాన్ని ఆపేశారు. ఆ రోజు ఇంటికి వెళ్లి, చెప్పులు విప్పి, అన్నం కూడా తినకుండా నిద్రపోయాను.