దుమ్ము అద్దం మీద ఎస్తేరక్క

గాలిదుమారం ఆగాక ఆఫీసు కిటికీకి పలచగా దుమ్ము పట్టిందంటే నా వేలు ఊరుకోదు. నాకు తెలియకుండానే ఒక నిలువు పెట్టె గీసి, లోపల ఒక గుండ్రం చుట్టేస్తుంది. ఈ ఊరి దుమ్ముకు రంగూ లేదు, వాసనా లేదు. అయినా నా ముక్కుకు బళ్ళారి ఎర్రమట్టే, తడిసిన ఇనుములాంటి ఆ వాసనే తగులుతుంది. వెంటనే ఎస్తేరక్క గుర్తొస్తుంది.

గనులు రేయింబవళ్ళు నడిచిన రోజులవి. సెల్‌ఫోన్ తెర మీద ఏది ఎక్కడ ఉండాలో, వేలు తగిలితే ఏం జరగాలో ఊహించి గీసే చిన్న కంపెనీ మాది. దాని యజమాని ఎస్తేరక్క, మిషన్ చర్చి వీధిలో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున్నే రాగానే కంప్యూటర్ ముట్టేది కాదు. రాత్రంతా లారీలు రేపిన దుమ్ము కిటికీలకు పట్టి ఉండేది కదా, దాని మీద వేలితో తెర గీసేది. నచ్చకపోతే అరచేత్తో తుడిచేసి పక్క అద్దానికి వెళ్ళేది. "కంప్యూటర్‌లో గీస్తే కన్ను చూస్తాదప్పా. ఈడ గీస్తే వేలు చూస్తాది," అనేది. అందరి చేతుల్లో మీటల ఫోన్లున్న కాలంలో, వేలితో తోస్తే పక్కకు జరిగిపోయే తెరను ఆమె కలగంది. ఆ గీతల్లోంచి ఎండ సన్నగా గదిలోకి దిగేది. నేను పని మరచిపోయి చూస్తుండేవాణ్ణి.

ఆ తెరను మొదట వాడి చూసింది హచ్చొళ్ళి హుసేనప్ప. కూరెకుప్ప దగ్గర ఖనిజం లోడు కోసం వరసలో నిలబడే లారీ డ్రైవరు. వంతు రాగానే మేమిచ్చిన ఫోనులో ఎర్రచుక్క వెలుగుతుంది. నొక్కితే వంతు తీసుకున్నట్టు, పక్కకు తోస్తే వద్దన్నట్టు. ఆ ఎరుపు అక్క ఏరికోరి పెట్టుకున్నది. ఫోను ఇచ్చిన రోజు సాయంత్రమే ఊళ్ళో హుసేనప్ప మనవరాలిని ఉయ్యాల తొట్టిలో వేసి పేరు పెడుతున్నారు. పాప చెవిలో పేరు చెప్పాల్సింది తాతే. మధ్యాహ్నం లోడు దొరికితే దించేసి, పొద్దుగూకేలోపు ఊరు చేరొచ్చు. చుక్క వెలిగింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి తెరను తుడిచేశాడు. చుక్క పోయింది, వంతు వెనక లారీకి పోయింది.

సంగతి తెలిసి మరునాడు అక్కా నేనూ వెళ్ళాం. అక్కకు తన పనంటే మహా గర్వం, డ్రైవర్లకే నేర్పాలంటుందనుకున్నాను. లారీ నీడలో కూర్చున్న ఆయన్ని, "ఎందుకు తుడిచినావప్పా?" అని మెల్లగా అడిగింది.

"మట్టనుకుంటినమ్మా. ఈడ ఎర్రగా అగపడేదంతా మట్టే గదా."

అక్క ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. తర్వాత, "పాపకు ఏం పేరు పెట్టినారు?" అంది.

"సుమ అంట. వాళ్ళ చిన్నాయన చెప్పినాడంట చెవిలో," అన్నాడు హుసేనప్ప, తువ్వాలు మడతపెడుతూ.

తిరుగుదారిలో అక్క ఏడ్చింది. "ఈ మట్టిలోనే పుట్టి పెరిగితి. నాకే మతికి రాలేదు చూడప్పా," అంది. ఆమె మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

మర్నాడు అద్దం మీద చుక్క లేదు. అద్దమంతా పట్టేటట్టు, వరసలో వంతు చెప్పే ఒక్క అంకె గీసింది. "చర్చిలో పాటల నంబర్లు పలక మీద పెడతారే, కడపటి బెంచీకి గూడా అగపడేటట్టు, అట్లుండల్ల. తుడిస్తే ఏమీ కాగూడదు," అంది. ఆ అంకెను పసుపు రంగులో ఫోనులోకి ఎక్కించాక నా చేతికి ఒక తువ్వాలిచ్చి, గట్టిగా తుడవమంది.

గనులు ఆగిపోయాక ఆ కంపెనీ కూడా మూతపడింది. ఎస్తేరక్క ఇప్పుడు లేదు. నా బల్ల మీది ఆ తువ్వాలును చూసి కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వనీ. తయారైన ప్రతి తెరనూ దాంతో తుడిచి చూస్తాను. ఏమీ చెదరలేదంటేనే, ఎక్కడో ఒక తాత పొద్దుగూకేలోపు ఇల్లు చేరి, పాప చెవిలో పేరు చెబుతాడని నాకు నమ్మకం.