హెల్గె గోడ మీద మా మెషిన్

మైవోర్‌కి చెవులు వినబడడం లేదని మా స్ప్రింగుల షెడ్డులో మొదట కనిపెట్టింది నేను. నోట్లో నువ్వుగింజ నానదని స్వీడన్‌లోని స్మోలాండ్‌లో మా ఊరివాళ్ళంతా ఆడిపోసుకునే ఈ బెరిట్, ఆమె కోసం నోరు కుట్టేసుకుంది. అదొక్కటే నా జీవితంలో చెప్పుకోదగ్గ సాహసం.

మైవోర్ స్ప్రింగులు చేసే మెషిన్లు సెట్ చేసేది. తీగ లోపలికి వస్తుంది, గట్టి పిన్నుకు తగిలి వంగుతుంది, చుట్లు తిరుగుతుంది, కత్తి టక్కున తెంపుతుంది. పిన్ను ఎంత జరపాలో, రోలరు ఎంత బిగించాలో చూస్తే తెలిసేది కాదు. మైవోర్ స్క్రూడ్రైవర్ మొన మెషిన్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వినేది. “దీనికి గొంతు గరగరలాడుతోంది” అనేది. స్క్రూ కాస్త తిప్పేది. అంతే, స్ప్రింగులన్నీ కవల పిల్లల్లా రాలిపడేవి. పెళ్ళికాకముందు నేల ఊడ్వడానికి వచ్చిన మనిషి ఆమె. మొగుడు బూ చనిపోయినప్పుడు కూడా, అంత్యక్రియలు అవగానే మెషిన్ దగ్గరికి వచ్చి నిలబడింది. “ఇంట్లో మరీ నిశ్శబ్దంగా ఉందే” అంది నాతో.

అలాంటి మనిషి ఈమధ్య కళ్ళు తెరుచుకుని వినడం మొదలుపెట్టింది. వెనకనుంచి పిలిస్తే పలకదు. ఒకరోజు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“నీకు వినబడట్లేదు కదూ?”

ఆమె నా పెదవులకేసి చూసింది. “స్టెల్లన్‌తో అన్నావో, చంపేస్తాను.”

స్టెల్లన్ మా యజమాని. “అంటే ఏం చేస్తాడే? మంచోడేగా!”

“మంచోడే. అదే నా భయం. కుర్చీ వేసి నీ పక్కన కూర్చోబెడతాడు, డబ్బాల్లో స్ప్రింగులు సర్దుకోమని. ఆరోజే నేను చచ్చినట్టు లెక్క.”

డబ్బాల్లో స్ప్రింగులు సర్దేది నేనేనాయె! ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ ముఖం చూశాక కోపం నిలవలేదు.

“చెవి మిషన్ పెట్టుకోరాదూ?”

“పెట్టుకుని చూశా. షెడ్డులో అన్నీ కలిసిపోయి ఒకటే రొద. నా మెషిన్ ఏదో కూడా తెలీదు.”

అలా నెట్టుకొస్తుండగా వచ్చింది ఆ పెట్టె.

రోడ్డుకి అటువైపు హెల్గె షెడ్డు. వాళ్ళూ స్ప్రింగులే చేస్తారు, మా ఖాతాదారుల వెంటే పడతారు. అయినా మాకు తీగ అయిపోతే వాళ్ళ చుట్ట దొర్లించుకొస్తాం, వాళ్ళ కత్తి విరిగితే మాది పట్టుకెళ్తారు. తలుపు తోసుకుని వెళ్ళడం, కావలసింది తీసుకోవడం, కాఫీ బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళ చెవిన ఒక మాట వేయడం. ఇక్కడంతే. ఆ చలికాలం హెల్గె తన మెషిన్లన్నింటికీ అరచేయంత పెట్టెలు అంటించాడు. అవి మెషిన్ వణుకును పట్టుకుంటాయట, స్ప్రింగులు లెక్కబెడతాయట, ఎక్కడ నలత చేసినా చెప్పేస్తాయట. స్టెల్లన్ వెళ్ళి చూసి, మనసు పారేసుకుని, మిగిలిన పెట్టె ఒకటి కోటు జేబులో వేసుకుని వచ్చేశాడు. తెచ్చి మైవోర్ మెషిన్‌కే అంటించాడు.

“ఇది పట్టినవి చూపించడానికి తెర కూడా కావాలట, హెల్గెని తర్వాత అడుగుదాంలే” అన్నాడు.

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. మరి ఆ పెట్టె పట్టిన కబుర్లన్నీ ఈలోగా ఎక్కడికి పోతున్నాయని మాలో ఒక్కరైనా అడిగితేగా! అరువు తెచ్చిన వస్తువు మన గడపలోకి వచ్చాక మనదేననుకునే జనం మేం.

మైవోర్ మాత్రం దాన్ని పామును చూసినట్టు చూసేది. “నన్ను పట్టించడానికే వచ్చిందే ఇది” అనేది.

గురువారం పొద్దున కాఫీ వేళకు దాల్చినచెక్క బన్నులు బల్లమీద పెడుతున్నాను. తలుపు ధడాలున తెరుచుకుంది. హెల్గె! కోటు లేదు, మంచులో చెక్కచెప్పులతో పరిగెత్తుకొచ్చాడు.

“ఆపండి! పిన్ను పగులుతోంది, ఆపండి!”

షెడ్డులో తలలన్నీ తిరిగాయి, ఒక్క తల తప్ప. హెల్గె మైవోర్ వెనక నిలబడి ఇంకా గట్టిగా అరిచాడు. ఆమె నింపాదిగా స్ప్రింగులు చూసుకుంటోంది. చివరికి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఉలిక్కిపడి ఎర్రబొత్తాం నొక్కేసింది. మెషిన్ ఆగింది. పగిలిన పిన్ను ముక్క టంగుమని కింద పడింది.

స్టెల్లన్ ఆఫీసుగదిలోంచి వచ్చాడు. “అంత అరుపు వినబడలేదా మైవోర్?”

ఆమె అతని పెదవులు చూసింది, తర్వాత నన్ను చూసింది. “లేదు. చాన్నాళ్ళయింది.”

స్టెల్లన్ ముఖం జాలితో కరిగిపోయింది. నేను భయపడుతున్నదే అన్నాడు. “ముందే చెప్పాల్సింది కదా. పర్లేదు, బెరిట్ పక్కన చోటుంది.”

“నా పక్కన చోటు లేదు!” అన్నాను. కాదు, అరిచాను. చేతిలో బన్ను నలిగిపోయింది.

మైవోర్ ఇవేవీ పట్టించుకోకుండా హెల్గెనే చూస్తోంది. “రోడ్డవతల ఉన్నవాడివి, నీకెలా తెలిసింది?”

“మా గోడమీద తెరలో చూశా. మాకు లేని మెషిన్ ఒకటి కనబడుతోంది, అదేమో ఎర్రబడి మొత్తుకుంటోంది. పెట్టె ఎవడు ఎత్తుకెళ్ళాడా అని ఆలోచించా. ఈ స్టెల్లన్ కాక ఇంకెవడు!”

స్టెల్లన్ చెవులు కందిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

“చూపించు” అంది మైవోర్.

కాఫీ మానేసి అందరం రోడ్డు దాటాం. హెల్గె కాఫీ గదిలో గోడంత తెర. దానిమీద మెషిన్‌కొక గీత, ఎడతెగకుండా పాకుతూ. ఒకటి చిన్నచిన్న అలలుగా, ఒకటి కుంటుకుంటూ, ఒకటి పరుగులు పెడుతూ. గోడకవతల ఇనుము కొట్టుకునే కొట్టుడంతా ఇక్కడ చప్పుడు లేకుండా వెలుగై నడుస్తోంది. నేను నోరు వెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళు ఆ రొద మధ్య బతికి, దానికింత అందం ఉంటుందని కలలోనైనా అనుకోలేదు.

మా గీత చదునుగా పడి ఉంది. హెల్గె దాన్ని పొద్దుటికి వెనక్కి జరిపాడు. అది లేచి నడిచింది. మైవోర్ తెర దగ్గరికి వెళ్ళి వేలు ఆనించింది.

“ఇక్కడ నూనె వేశాను... ఇది తీగచుట్ట మార్చినప్పుడు.” వేలు కొంచెం జరిగింది. గీత అంచున సన్నటి రంపపు పళ్ళు. “ఇదే. ఇదే ఆ గరగర. అమ్మా తల్లీ, నువ్వు ఇలా ఉంటావా!”

మెషిన్‌తో మాట్లాడుతోంది. ఆమె బుగ్గలమీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. హెల్గె, ఆ మొండిఘటం, కిటికీకేసి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఆ మధ్యాహ్నం హెల్గె చిన్నతెర ఒకటి తెచ్చి మైవోర్ మెషిన్ పక్కన పెట్టాడు. ఆమె కొత్త పిన్ను బిగించి మెషిన్ నడిపింది. గీత జ్వరం వచ్చినట్టు వణికింది. స్క్రూ వెంట్రుకవాసి తిప్పింది. వణుకు తగ్గింది. ఇంకొంచెం తిప్పింది. పళ్ళన్నీ కరిగి, గీత నున్నగా సాగింది. కింద తట్టలో స్ప్రింగులు రాలాయి. ఒకటి తీసి కొలిచాను. ఇంకొకటి కొలిచాను. వంక పెట్టడానికి ఏమీ లేదు.

స్టెల్లన్ ఆమె వెనకనుంచి ఏదో అన్నాడు. ఆమె పలకలేదు, చూపంతా గీతమీదే ఉంది. అతను తీగచుట్టలు దాటుకుంటూ, నూనె డబ్బాలు తప్పించుకుంటూ మెషిన్ చుట్టూ తిరిగి వెళ్ళి, ఆమె ఎదురుగా వెలుతురులో నిలబడి, మాటమాటా విడదీసి చెప్పాడు.

“రేపు సన్నతీగ వస్తోంది మైవోర్. సెట్ చేసేది నువ్వే.”

“మరింకెవరు?” అంది మైవోర్.