రోడ్డుకు అడ్డంగా పట్టిన మోకు

నూజివీడు టౌను దాటగానే ఆగిరిపల్లి రోడ్డు పక్కనే మా ఇళ్ళు. తోటలు అవతల ఉన్నాయి. మామిడి కోతల కాలంలో కూలీలంతా పొద్దున్నే రోడ్డు దాటాలి. లారీలూ బైకులూ ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చేదీ అప్పుడే. ఆ ఏడు కోతలు మొదలైన వారానికే మా పక్కింటి పెద్దమ్మను లారీ గుద్దేసింది. తల ఉండాల్సిన చోట చీర కప్పి తీసుకెళ్ళారు.

స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీలు పెట్టి విసిగిపోయి, మావాళ్ళే ఒక ఉపాయం చేశారు. చెట్టు మీద నుంచి కాయల బుట్టలు దించే మోకుకు ఎర్రగుడ్డలు కట్టి, కూలీలు దాటేంతసేపూ రోడ్డుకు అడ్డంగా పట్టుకోవడం. ఒక కొస బాబాయిది. రెండోది నాది. మలుపు నా వైపు నుంచే కనిపిస్తుంది కాబట్టి, ఆగని బండి వస్తే నేను "వదులు" అని కేకేయాలి, ఇద్దరం ఒకేసారి వదిలేయాలి.

"దీనికి నోరెక్కడుందయ్యా, పుస్తకాల్లో పెట్టి మూసేసింది," అని మా పిన్ని, బాబాయి భార్య, నవ్వింది.

నాలుగో రోజు ఒక బైకు మలుపు తిరిగి దూసుకొచ్చింది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నా కొస మాత్రం వదిలేశాను.

బాబాయి వదల్లేదు. కేక వినపడందే మోకు వదలకూడదన్నది తోటలో అలవాటు. బుట్ట జారకుండా మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకోవడం కూడా అక్కడి అలవాటే. కిందపడ్డ మోకు బైకు చక్రానికి చుట్టుకుంది. బాబాయి బోర్లా పడి ఈడ్చుకుపోయాడు. భుజం ఊడిన చప్పుడు నాకు వినిపించింది. బైకు నడిపే అతను ఎగిరి మూతి మీద పడ్డాడు. తారు మీద అతని పళ్ళు కనిపించాయి.

వెనకే వచ్చిన అతని స్నేహితులు బాబాయి మీద పడ్డారు.

"రోడ్డు నీ బాబుదంట్రా? తాడు కట్టి చంపుతావా?"

"నాదే తప్పండీ, నాదేనండీ," అంటున్నాడు బాబాయి. వాళ్ళు డొక్కలో తన్నుతూనే ఉన్నారు.

నేను దగ్గరికి వెళ్ళి, "నేను కేక వేయలేదు," అన్నాను. బాబాయికి తప్ప ఎవరికీ వినపడలేదు. వద్దన్నట్టు తల ఊపాడు. మళ్ళీ చెప్పలేదు నేను. కూలీ ఆడవాళ్ళు కాయలు కోసే కర్రలు పట్టుకుని వచ్చి వాళ్ళ వీపులు పగలగొట్టేదాకా నిలబడి చూశాను.

ఇప్పుడు ఆ మలుపులో పోలీసులు డ్రమ్ములు పెట్టారు. బాబాయి కుడిచెయ్యి పైకి లేవదు, చెట్టెక్కడు. ఎవరడిగినా, "బండి చప్పుడులో దాని కేక వినపళ్ళేదు," అంటాడు.

మొన్న పిన్ని ఆయనకు అన్నం కలుపుతుంటే అసలు సంగతి చెప్పేశాను. గిన్నె తీసి నా మొహాన కొట్టింది. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది.

"ఇది నాకు కాదే చెప్పాల్సింది," అంది. "ఆ రోజు ఆయన్ని తన్నేవాళ్ళకి చెప్పాల్సింది."